అగ్నిపర్వతం చుట్టూ రాతి ఫేసిస్‌లను గుర్తుపట్టడం: మెరాపీ వాలుల్లో పని పద్ధతి

ఒకే అగ్నిపర్వతం కక్కిన పదార్థం బిలం దగ్గర ఒక తీరుగా, మైదానంలో ఇంకో తీరుగా పేరుకుంటుంది. ఆ తీరుల్నే ఫేసిస్ అంటారు: కేంద్ర, సమీప, మధ్య, దూర. బిలం నుంచి సుమారు 2 కి.మీ. లోపు కేంద్రమని, ఆ పైన ఇంతింత అని కొలతలు చెబుతుంటారు. పనిని ఆ అంకెలతో మొదలుపెట్టకండి. ఇండోనేసియాలోని మెరాపీ 2010లో పేలినప్పుడు వేడి బూడిద, బండల ప్రవాహం గెండోల్ నది లోయ వెంట 15 కి.మీ. దాటింది. మిగతా లోయల్లో అంత దూరం రాలేదు. అందుకే ముందు రాయిని చదవాలి, దూరం తర్వాత.

వెంట ఉండాల్సినవి: సుత్తి, 10 రెట్ల భూతద్దం, వాలు కొలిచే దిక్సూచి, టేపు, స్థలాకృతి పటం. పైనుంచి మైదానం దాకా ఒక లోయను, దాని పక్క మిట్టను రెంటినీ ఎంచుకోండి. దాదాపు కిలోమీటరుకొకటి చొప్పున తెగిన గట్లు, క్వారీలు చూడండి. ఎగువన వాన పడుతుంటే వాగులో దిగవద్దు. మీ తలపై ఎండ కాస్తున్నా లాహార్, అంటే బూడిద కలిసిన బురద వరద, వచ్చేస్తుంది.

గట్టు దగ్గర ముందు వెనక్కి నిలబడి పొర ఆకారం చూడండి. మిట్టనూ పల్లాన్నీ ఒకే మందంతో దుప్పటిలా కప్పితే అది గాలిలోంచి రాలిన బూడిద. పల్లంలో మందంగా నిండి, మిట్ట మీద దాదాపు లేకపోతే ప్రవాహం. మిట్ట మీద పలచబడి, లోపల ఏటవాలు సన్నగీతలుంటే సర్జ్, అంటే వాయువు ఎక్కువ, బూడిద తక్కువగా నేలబారున దూసుకెళ్లే పలచని వేడి ప్రవాహం.

తర్వాత ముక్కల పరిమాణం. 2 మి.మీ. లోపు బూడిద, 2 నుంచి 64 మి.మీ. లాపిల్లీ, ఆపైన బాంబులు లేదా బండలు. మెత్తగా ఉండగా ఎగిరి ఆకారం తెచ్చుకున్నవి బాంబులు, గట్టిపడ్డాక విరిగినవి కోణాల బండలు. అతిపెద్ద ఐదింటిని కొలిచి సగటు రాసుకోండి. తర్వాత 100 ముక్కలు లెక్కపెట్టి ఎన్ని రకాల రాళ్లున్నాయో చూడండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లాహార్, వేడి బండల ప్రవాహం రెండూ పెద్దాచిన్నా కలగలిసిన గుట్టల్లాగే కనిపిస్తాయి. ముక్కలన్నీ దాదాపు ఒకే రాయి, కోణాలు పదునుగా, బండలకు చల్లారేటప్పుడు ఏర్పడ్డ పగుళ్లు, పైకి వాయువు లేచిన సన్నని గొట్టాలు ఉంటే వేడి ప్రవాహం. రకరకాల రాళ్లు, కొద్దిగా అరిగిన అంచులు, గట్టిపడ్డ బురదలో తేలినట్టున్న బండలైతే లాహార్. బొగ్గు ముక్క ఒక్కటే చూసి తేల్చకండి, లాహార్ కూడా బొగ్గును మోసుకొస్తుంది.

లావా అంచుల్లో విరిగిన రాళ్లను పేలుడు బ్రెక్షియా, అంటే పేలుడుతో విరిగిన కోణాల ముక్కలు అతుక్కున్న రాయి, అనుకోవడం ఇంకో పొరపాటు. ముక్కలు ఒకదానికొకటి అతికేలా ఉండి, మధ్య బూడిద లేక, లోపలి గట్టి లావాతో కలిసిపోతే అది లావాదే. తేమ ప్రాంతాల్లో ఉల్లిపొరల్లా ఊడే గుండ్రాళ్లు కూడా బాంబులు కావు, రాయి చుట్టూ శిథిలమైపోగా మిగిలిన గట్టి నడిభాగాలు. రాజమహేంద్రవరం దగ్గరి పంగిడి బసాల్టు క్వారీల్లో లావా పొరలను చూసి కన్ను అలవాటు చేసుకోవచ్చు. ఆ లావా పశ్చిమ కనుమల వైపు నుంచి వచ్చిందని అంచనా, కాబట్టి కేంద్ర ఫేసిస్ కోసం అక్కడ వెతకనక్కర్లేదు.

నోట్సులో మూడు గళ్లు వేరుగా ఉంచండి: రాయి, అది పేరుకున్న పద్ధతి, ఫేసిస్. మూడోది చివర్లోనే నింపండి, అదీ ఒక్క గట్టుతో కాదు, కలిసి కనిపించే రాళ్లతో. డైకులు (పగుళ్లలో శిలాద్రవం గట్టిపడి ఏర్పడ్డ గోడల్లాంటి రాళ్లు), లావా గోపురాలు, వేడి నీటితో తెల్లగా, పచ్చగా మెత్తబడ్డ రాయి కలిసి ఉంటే కేంద్రం. లావా, బాంబుల బ్రెక్షియా ఒకదానిపై ఒకటి వస్తే సమీపం. ప్రవాహాల పొరలు, లాపిల్లీ టఫ్ (బూడిద, లాపిల్లీ కలిసి గట్టిపడ్డ రాయి), లాహార్ ఎక్కువైతే మధ్య. నది గులకరాళ్లు, ఇసుక, సన్న బూడిద మిగిలితే దూరం. దూర ఫేసిస్ పలచగానే ఉంటుందనుకోకండి. మెరాపీకి దిగువనున్న యోగ్యకర్త నగరం దగ్గర 1966లో బయటపడిన సంబిసారి శివాలయం మెరాపీ పదార్థం కింద ఆరున్నర మీటర్ల లోతున ఉంది.

పాత, అరిగిన అగ్నిపర్వతంలో బిలం కనబడకపోతే పొరల వాలు కొలవండి. బిలం దగ్గర అది 30 డిగ్రీల దాకా ఉండి, దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. పటం మీద వాలుకు ఎదురు దిశలో గీతలు గీసి, అవి కలిసే చోటు చుట్టూ డైకులకు వెతకండి. సర్జ్‌లోని ఏటవాలు గీతలను మాత్రం ఈ లెక్కలో కలపకండి, అవి పొర వాలును చూపవు.