ఒకే కంప్యూటర్, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు – 4వ పాఠం: లినక్స్ వచ్చింది, విండోస్ ఏమైంది?

కంప్యూటర్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూను మనకు నచ్చినట్టు మార్చుకోవడం ఈసారి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరిపాను. ఎందుకంటే 3వ పాఠం చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. లినక్స్ ఎక్కింది, బాగానే నడుస్తోంది, కానీ మెనూలో విండోస్ పేరే లేదు. కంగారుపడి విండోస్‌ను మళ్లీ ఎక్కించకండి. లినక్స్‌ను రెండో డిస్క్‌లో పెట్టినవాళ్లకు మొదటి డిస్క్‌లోని విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంది.

తేడా వచ్చింది పెన్‌డ్రైవ్‌ను ఎంచుకునే దగ్గర. అక్కడ "బూట్ మెనూ తెరిచి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి" అని ఒక్క వాక్యంతో దాటేశాను. మదర్‌బోర్డులో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతిని కూడా అనుమతించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు వరసల్లో కనిపిస్తుంది. ఒక వరస ముందు యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటుంది, రెండోది ఉత్త పేరు. ఉత్త పేరును నొక్కితే ఇన్‌స్టాలర్ లెగసీ అనే పాత పద్ధతిలో మొదలవుతుంది. లెగసీలో బోర్డు డిస్క్ మొదటి సెక్టార్‌లోని 512 బైట్లు చదివి, అక్కడున్న కోడ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. యూఈఎఫ్ఐలో అయితే ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌ను తెరిచి, అందులోని ఈఎఫ్ఐ ఫైలును నడుపుతుంది. ఒక దారిలో మొదలైన యంత్రం రీస్టార్ట్ అయ్యేదాకా రెండో దారికి మారలేదు. అందుకే లెగసీ గ్రబ్ యూఈఎఫ్ఐ విండోస్‌ను లేపలేదు. లేపలేనిదాన్ని మెనూలో చూపించదు కూడా.

ముందు మీ పరిస్థితి తేల్చుకోండి. లినక్స్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి /సిస్/ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే మీ లినక్స్ యూఈఎఫ్ఐలో నడుస్తోంది, లేకపోతే లెగసీ. విండోస్‌లో రన్ పెట్టెలో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి, బయోస్ మోడ్ అనే వరస చూడండి, అక్కడ యూఈఎఫ్ఐ అనో లెగసీ అనో ఉంటుంది. ఇప్పుడు విండోస్‌లోకి వెళ్లడం ఎలాగంటారా? కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ (ఆసుస్‌లో ఎఫ్8, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12) నొక్కి విండోస్ బూట్ మేనేజర్‌నో విండోస్ ఉన్న డిస్క్‌నో ఎంచుకోండి.

విండోస్ యూఈఎఫ్ఐ, లినక్స్ లెగసీ అయితే మరమ్మతుల జోలికి పోవద్దు. లినక్స్‌లో మీరింకా ఏమీ దాచుకోలేదు కాబట్టి మళ్లీ ఎక్కించడమే నయం. ముందు బయోస్‌లో (బోర్డు సెట్టింగ్‌లలో) సీఎస్ఎం ఆపేయండి, ఇక తప్పు వరసే కనిపించదు. ఈసారి విండోస్ డిస్క్ కేబుల్ ఊడదీసి మరీ ఇన్‌స్టాల్ చేయండి. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ మీరు రెండో డిస్క్‌ను చూపించినా, బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్‌ను) మొదటి డిస్క్ ఈఎస్‌పీలోనే పెట్టేది.

దీనికి తిరగేసిన కేసు: విండోస్ లెగసీ, లినక్స్ యూఈఎఫ్ఐ. ఇక్కడ వరస ముఖ్యం. విండోస్ డిస్క్‌ను జీపీటీకి (విండోస్ యూఈఎఫ్ఐలో లేవడానికి కావలసిన పార్టిషన్ పట్టికకు) మార్చాకే సీఎస్ఎం ఆపాలి, ముందే ఆపితే విండోస్ లేవదు. ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ మార్పు చేసే ఎంబీఆర్2జీపీటీ పనిముట్టును మొదట /వ్యాలిడేట్‌తో, అది సరే అన్నాక /కన్వర్ట్‌తో నడపండి. రెండుసార్లూ చివర /అలౌఫుల్‌ఓఎస్ ఉండాలి. డిస్క్‌లో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా మొదటి మెట్టులోనే ఆగిపోతుంది.

రెండూ యూఈఎఫ్ఐయే, అయినా విండోస్ కనిపించడం లేదంటే కారణం వేరు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్‌-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్ విలువను ఫాల్స్ చేసి, ఉబుంటులో అయితే అప్‌డేట్-గ్రబ్ నడపండి. నేనైతే ఈ పని చేయను. డిస్క్‌కు ఒక సిస్టమ్, మారాలంటే బూట్ మెనూ కీ. ఒకదాని అప్‌డేట్ రెండోదాన్ని చెడగొట్టే వీలు బాగా తగ్గుతుంది.

సీఎస్ఎం ఆపే ముందు రెండు జాగ్రత్తలు. విండోస్ డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, బయోస్ మార్పు తర్వాత విండోస్ దాన్ని అడగొచ్చు. రెండోది, యూఈఎఫ్ఐ తెలియని పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఎస్ఎం ఆపగానే తెర నల్లగా ఉండిపోతుంది. అప్పుడు బోర్డు మాన్యువల్లో చెప్పినట్టు సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు దాచుకునే మెమరీ) క్లియర్ చేస్తే సెట్టింగ్‌లు మొదటికి వస్తాయి.

ఇక విండోస్‌ను త్వరగా లేపే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్. దీని గురించి తప్పుడు సలహాలు ఎక్కువ, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రామ్‌లు మూసేసి, కెర్నల్‌నూ డ్రైవర్లనూ హైబర్‌ఫిల్ అనే ఫైలులో అలాగే భద్రపరుస్తుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ ఎలా ఉందో దాని లెక్క కూడా అందులోనే ఉంటుంది. ఈలోగా లినక్స్ నుంచి ఆ పార్టిషన్‌లో ఏదైనా రాస్తే, తిరిగి లేచిన విండోస్ తన పాత లెక్క ప్రకారం దాని మీదే రాసేస్తుంది. ఫైళ్లు పోయేది అక్కడే. అందుకే లినక్స్ అలాంటి పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. "నిన్న కాపీ అయింది, ఇవాళ కావడం లేదు" అన్నవాళ్లు నిన్న రీస్టార్ట్ చేసి వచ్చారు, ఇవాళ షట్‌డౌన్ చేసి వచ్చారు. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే ఆగుతుంది. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ నడిపితే చాలన్న సలహా వినకండి. అది పూర్తి మరమ్మతు చేసే పనిముట్టు కాదు. కొన్ని మౌలిక తప్పులు సరిచేసి, జర్నల్‌ను (మార్పుల చిట్టాను) ఖాళీ చేసి, విండోస్ ఈసారి లేచినప్పుడు ఆ పార్టిషన్‌ను తనిఖీ చేసేలా ఏర్పాటు చేస్తుంది, అంతే. అసలు మందు విండోస్‌లోనే ఉంది: అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్. దీంతో హైబర్నేట్ కూడా పోతుంది. అది కావాలనుకుంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఒక్కటే తీయండి. విండోస్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ టిక్కు మళ్లీ చూసుకోండి.

విండోస్‌లో గడియారం తప్పు చూపిస్తుంటే, లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొట్టండి. బోర్డు గడియారాన్ని లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది. తేడా అక్కడే.

అభ్యాసం: పవర్ కేబుల్ తీసేసి విండోస్ డిస్క్‌ను ఊడదీయండి. ఎం.2 (కేబుల్ లేకుండా బోర్డు మీదే బిగించే డిస్క్) అయితే స్క్రూ విప్పి బయటికి తీయాలి. లినక్స్ ఒంటరిగా లేవాలి. తర్వాత లినక్స్ డిస్క్ తీసి విండోస్‌ను ఒంటరిగా లేపండి. లినక్స్ ఒంటరిగా లేవకపోతే దాని బూట్‌లోడర్ విండోస్ డిస్క్‌లో కూర్చుందన్నమాట, పైన చెప్పినట్టు మళ్లీ ఎక్కించాలి. రెండూ తిరిగి పెట్టాక బూట్ మెనూలో ఉబుంటు పేరు లేకపోతే ఆ డిస్క్ పేరునే ఎంచుకోండి, పోయిన ఎంట్రీని అందులోని ఫాల్‌బ్యాక్ అనే అదనపు బూట్ ఫైలు తిరిగి రాస్తుంది. రెండు పరీక్షలూ నెగ్గాకే 5వ పాఠానికి రండి.