కుర్ర హిట్టర్ తడబడుతుంటే: బేస్‌బాల్ బ్యాటింగ్‌లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 2016 ఆగస్టు 13న అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, తొలి అవకాశంలోనే హోం రన్ (క్రికెట్‌లో సిక్స్ లాంటిది) కొట్టాడు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా కష్టాలే. 84 అట్-బ్యాట్లలో (బ్యాటింగ్ అవకాశాల్లో) 15 హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం), 42 స్ట్రైకౌట్లు (ఊపినా తగలకో, మంచి బంతిని వదిలేసో మూడు స్ట్రైక్‌లు పడి ఔటవడం), సగటు, అంటే హిట్లను అట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చేది, .179. ఆ అంకెను మర్చిపోకుండా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే 52 హోం రన్లు కొట్టాడు. 2022లో 62 కొట్టి, 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) రికార్డును దాటేశాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్‌కి తీసుకెళ్లే మనవాళ్లు అతని కథలో గమనించాల్సినవి చాలా ఉన్నాయి.

సమస్య: స్ట్రైకౌట్లు ఎక్కువ

కారణం ఒక్కటే ఉండదు. స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీదుగా, మోకాళ్ల నుంచి ఛాతీ మధ్య దాకా ఉండే చోటు) బయట పడే బంతులకు బ్యాట్ ఊపుతున్నాడా? జోన్‌లో పడ్డవే తగలడం లేదా? మంచి బంతుల్ని చూస్తూ వదిలేస్తున్నాడా? మూడింటికీ మందు వేరు. నాలుగైదు మ్యాచ్‌లు ప్రతి స్ట్రైక్ ఎలా వచ్చిందో రాసుకుంటే విషయం తేలిపోతుంది.

బయటి బంతుల వెంట పడుతుంటే, పిచర్ (బంతి విసిరేవాడు) ప్రాక్టీస్ చేసేటప్పుడు పిల్లాణ్ణి హెల్మెట్ పెట్టి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) దగ్గర నిలబెట్టండి. బ్యాట్ ఊపకూడదు, ప్రతి బంతికీ "స్ట్రైక్" (జోన్‌లోది) లేదా "బాల్" (జోన్ బయటిది) అని పైకి చెప్పాలి. విసుగు పుట్టించే పనే, కానీ కళ్లకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

"స్ట్రైకౌట్ అవ్వకు" అని మాత్రం అరవకండి. టెన్షన్‌తో బంతికి బ్యాట్ ఆనిస్తే చాలనుకుంటాడు, ఉన్న బలం కూడా పోతుంది. 2017లో జడ్జ్ 208 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, ఆ ఏడాది అందరికంటే ఎక్కువ. అదే ఏడాది 127 వాక్‌లు (నాలుగు బాల్స్ పడితే ఉచితంగా దక్కే మొదటి బేస్) సంపాదించి, ఏకగ్రీవంగా ఉత్తమ రూకీ (కొత్త ఆటగాడు) అయ్యాడు. ఏ బంతిని వదలాలో తెలిసినవాడికి కొన్ని స్ట్రైకౌట్లు నష్టం కాదు.

సమస్య: ప్రాక్టీస్‌లో బాగా కొడతాడు, మ్యాచ్‌లో ఆలస్యమవుతాడు

మేజర్ లీగ్‌లో గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ ప్లేట్ చేరడానికి సుమారు 0.4 సెకన్లే పడుతుంది. పిల్లల మ్యాచ్‌లో వేగం తక్కువైనా దూరమూ తక్కువే. అందుకే చాలామందిలో లోపం కండబలంలో ఉండదు, సిద్ధమవడంలో ఉంటుంది. ఇంకో కారణం, బరువంతా ముందే ముందుకాలి మీదకు వచ్చేయడం. అప్పుడు నెమ్మదైన బంతి వస్తే ఒళ్లు ముందుకెళ్లిపోయి చేతులు మాత్రమే మిగులుతాయి.

2016 సీజన్ అయ్యాక జడ్జ్ మిస్సోరికి చెందిన రిచర్డ్ షెంక్ అనే కోచ్ దగ్గర స్వింగ్ (బ్యాట్ ఊపే తీరు) మీద కష్టపడ్డాడు. మీ పిల్లాడికైతే ముందుకాలు నేలమీద ఆనిన క్షణంలో ఆగమనండి. తల ఇంకా వెనక కాలి వైపే ఉండాలి. అది కుదిరాక, వేగం మారుస్తూ బంతులు వేయండి.

సమస్య: గట్టిగా తగులుతుంది, కానీ బంతి నేలమీదే పోతుంది

క్రికెట్ కూడా ఆడే మన పిల్లల్లో ఇది కనిపించొచ్చు. అక్కడ బంతిని కింద ఉంచి ఆడమని నేర్పుతాం. ఇక్కడ ఎత్తైన మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) నుంచి విసిరిన బంతి కిందికి దిగుతూ వస్తుంది. బ్యాట్ కూడా పైనుంచి కిందికే వస్తే గ్రౌండ్ బాలే. బ్యాట్ బంతి దారిలోకి వచ్చి, కొద్దిగా పైకి సాగాలి. జె.డి. మార్టినెజ్ అనే హిట్టర్‌ను 2014 మార్చిలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు వదిలేసింది. అప్పటికే ఇలా స్వింగ్ మార్చుకున్న అతను డెట్రాయిట్ టైగర్స్‌లో చేరి, అదే ఏడాది .315 సగటుతో 23 హోం రన్లు కొట్టాడు.

సమస్య: బాగా ఆడుతూ ఉన్నట్టుండి చల్లబడ్డాడు

పిచర్లు బలహీనత కనిపెట్టి ఉండొచ్చు. కానీ ముందు ఒంట్లో నొప్పి ఉందేమో అడగండి. 2017 ఆగస్టులో జడ్జ్ సగటు .185కి పడిపోయింది, హోం రన్లు మూడే. సెప్టెంబర్‌లో తేరుకుని 15 కొట్టాడు. సీజన్ అయ్యాక నవంబర్‌లో ఎడమ భుజానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. పిల్లాడు భుజమో నడుమో నొప్పంటే స్వింగ్ జోలికి పోకుండా డాక్టర్‌కి చూపించండి. ఆయన సరేనన్నాకే బ్యాట్ చేతికివ్వండి.