సెంటర్‌బోర్డ్ పడవ కొనేముందు చుక్కాని కూడా కొలవండి

లోతు తక్కువ తీరాల్లో తిరగడానికి సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే, అవసరమైతే పైకి ఎత్తే పలక) ఉన్న తెరచాప పడవ చూస్తున్నారా? బోర్డు ఎత్తాక ఎంత నీరు చాలో అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. ఆ అంకె ఒక్కటే నమ్మకండి. చుక్కాని ఎంత కిందికి దిగిందో టేపుతో మీరే కొలవండి. బోర్డు ఎత్తితే 70 సెంటీమీటర్లు చాలన్నా, కదలని చుక్కాని 90 దాకా దిగితే మీకు కావాల్సింది 90. ముందు నేలకు తగిలేది, విరిగేది అదే. పైకి మడిచే చుక్కాని ఉంటే చాలా మేలు.

తర్వాత పడవను నీళ్లలోంచి ఎత్తించి, బోర్డు పూర్తిగా దింపించి, కింది కొసను పక్కలకు ఊపండి. కాస్త కదలిక మామూలే. గట్టిగా కొట్టుకుంటుంటే బోర్డు తిరిగే ఇరుసు పిన్ను అరిగిందేమో చూడాలి. ఎత్తే తాడు లేదా వైరు మార్చడం తేలికేనా అని కూడా అడగండి.

బురదలో ఆగినప్పుడు బోర్డు ఎత్తినప్పుడు దూరే పెట్టెలోకి గులకరాళ్లు చేరి బోర్డు ఇరుక్కుపోవచ్చు. పై నుంచి కడ్డీతో పొడిచి దించే వీలున్న పడవనే నేను ఎంచుకుంటాను.

ఇక బరువు సంగతి. పడవ ఒరిగిపోకుండా పెట్టే బరువు బోర్డులో కాక పడవ అడుగునే ఉంటే, బోర్డు ఎత్తినా నిలకడ పెద్దగా తగ్గదు. సెంటర్‌బోర్డ్ పడవలు సముద్రానికి పనికిరావన్న మాట పట్టించుకోకండి: ఫినిస్టెర్ అనే సెంటర్‌బోర్డ్ పడవ 1956, 1958, 1960లో వరసగా, అమెరికా తీరం నుంచి బెర్ముడా దీవి దాకా సముద్రంపై సాగే బెర్ముడా రేసు గెలిచింది.