దవడ కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కి ముందు జాగ్రత్తలు

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేదే దవడ కీలు. సూది పడేది అక్కడే.

• షుగర్ ఉంటే డాక్టరుకి చెప్పి తీరాలి. ఇచ్చేది కార్టిజోన్ తరహా హార్మోన్ మందు. కీలులోకే ఎక్కించినా కొంత రక్తంలో కలిసి కొన్ని రోజులు షుగర్ పెంచుతుంది. గ్లూకోమీటర్ దగ్గర ఉంచుకోండి, మాత్రల మోతాదు సొంతంగా మార్చొద్దు.

• జ్వరం, పంటి చీము, ఆ చోట చర్మంపై పుండు ఉంటే వాయిదా వేయించుకోండి.

• రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి. మీరే ఆపేయొద్దు.

• పాత ఇంజెక్షన్ల తేదీలు రాసుకెళ్లండి. పదేపదే వేయిస్తే కీలులోని మృదులాస్థి, ఎముక దెబ్బతినొచ్చు. ఎదిగే పిల్లలకైతే రుమటాలజిస్టుని (కీళ్లవాతం డాక్టరుని) అడగకుండా అసలు ఒప్పుకోవద్దు.

• తోడు ఒకరు ఉండాలి. ఆ చోటు మొద్దుబారడానికి ఇచ్చే మత్తుమందు ముఖ నరానికి తగిలితే కొన్ని గంటలు కన్ను సరిగా మూతపడదు, బండి నడపలేరు.