డిగ్రీ చదువుతూ అప్రెంటిస్‌గా చేరడం: దరఖాస్తు విధానం, బ్యాంకు దగ్గర ఆగిపోయే స్టైపెండ్

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని నల్లగొండలో బ్యాంకు కౌంటరు ముందు నిలబడి మూడోసారి కూడా పని కాక వెనుదిరగడం చూసిన తరువాత ఈ వివరాలన్నీ ఒకచోట రాయాలనిపించింది. ఆమె దరఖాస్తులో తప్పేమీ లేదు. అప్రెంటిస్‌గా హాజరు సరిగానే ఉంది, స్టైపెండ్‌లో (శిక్షణ కాలంలో నెలనెలా ఇచ్చే భృతిలో) సంస్థ తన వాటా వేస్తూనే ఉంది. ప్రభుత్వం నుంచి రావలసిన వాటా మాత్రం నాలుగు నెలలుగా పడలేదు. కౌంటరులో ఉన్న ఉద్యోగి కంప్యూటర్ చూసి "మీ ఆధార్ లింక్ అయ్యే ఉందమ్మా" అన్నారు. ఆయన చెప్పినది అబద్ధం కాదు. అయినా ఆమె సమస్యకు అది జవాబు కాదు. ఆ తేడా ఏమిటో తెలియక ఇలా తిరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు.

ముందుగా పథకం గురించి క్లుప్తంగా చెబుతాను. చదువులో భాగంగానే కొన్ని సెమిస్టర్లు ఏదైనా సంస్థలో పని నేర్చుకుంటూ, దానికి క్రెడిట్లూ స్టైపెండూ రెండూ పొందే డిగ్రీని అప్రెంటిస్‌షిప్ ఎంబెడెడ్ డిగ్రీ ప్రోగ్రాం, పొట్టిగా ఏఈడీపీ అంటారు. దీనికి ఆధారం 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2025లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్ల వరకు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు ఈ శిక్షణ ఉండవచ్చు. దీని నమోదంతా కేంద్ర విద్యాశాఖ నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (నాట్స్) పోర్టల్‌లో జరుగుతుంది. మన తెలంగాణ రాష్ట్రం చెన్నైలో ఉన్న దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు పరిధిలోకి వస్తుంది.

డిగ్రీలో చేరే పద్ధతి మామూలుదే. రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు జరిగే దోస్త్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి, వెబ్ ఆప్షన్లు (కోరుకున్న కాలేజీలు, కోర్సులు) పెట్టుకుని, సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో ఖాయం చేయాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త చాలు: దోస్త్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో ముడిపడిన మొబైల్ నంబరు కావాలి. చాలా ఇళ్లలో అది తండ్రి నంబరో, ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ నంబరో అయి ఉంటుంది. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి సొంత నంబరు పెట్టించుకుంటే ఇకముందు వచ్చే ప్రతి ఓటీపీ మీ చేతిలోనే ఉంటుంది. ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి స్వయంగా వెళ్లి, ఆ కోర్సు నిజంగా ఏఈడీపీ కిందిదేనా, ఏ సంస్థతో ఒప్పందం ఉంది, శిక్షణ ఏ సెమిస్టర్‌లో ఎక్కడ ఉంటుంది అని అడగండి. అచ్చంపేట పిల్లవాడికి జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) శిక్షణ అంటే రోజూ వెళ్లి రావడమా, గది తీసుకోవడమా అనేది ముందే లెక్క వేసుకోవలసిన విషయం. ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆ లెక్క కొంత తేలిక అవుతుంది.

శిక్షణ సెమిస్టర్ దగ్గరపడుతున్నప్పుడు నాట్స్ పోర్టల్‌లో విద్యార్థిగా పేరు నమోదు చేసుకోవాలి. ఇది పూర్తిగా ఉచితం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఆ తేడాను నమోదుకు ముందే సరిచేయించుకోవడం మేలు.

తరువాతిది ఒప్పందం. సంస్థ మిమ్మల్ని ఎంపిక చేసుకున్నాక పోర్టల్‌లోనే అప్రెంటిస్ ఒప్పందం తయారుచేస్తుంది. దాన్ని మీ లాగిన్‌లో తెరిచి చదివి అంగీకరించాలి, బోర్డు దాన్ని నమోదు చేయాలి. నమోదైన ఒప్పందానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు లేకుండా, సంస్థ లెటర్‌హెడ్ మీద ఇచ్చిన కాగితం పట్టుకుని పనిలో చేరితే మీరు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కారు, ప్రభుత్వ వాటా కూడా రాదు. "సీటు ఖాయం చేయిస్తాను, అయిదువేలు ఇవ్వండి" అనేవారు సాధారణంగా చూపించేది ఇలాంటి కాగితమే. నమోదుకు గానీ, ఒప్పందానికి గానీ విద్యార్థి ఎవరికీ ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు. ఒప్పందంలో స్టైపెండ్ ఎంత అని రాశారో తప్పక చూసుకోండి. 2019 నిబంధనలు డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు నిర్ణయించాయి. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. నాట్స్ కింద కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఆ సగం నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఎన్ని పీసులు చేస్తే అన్ని రూపాయలు అనే లెక్కన అప్రెంటిస్‌కు చెల్లించడాన్ని చట్టం ఒప్పుకోదు.

ఇక అసలు చిక్కు బ్యాంకు ఖాతా దగ్గర వస్తుంది. సంస్థ వాటా మీరు ఇచ్చిన ఖాతా నంబరుకు వస్తుంది. కేంద్రం వాటా అలా రాదు, అది మీ ఆధార్ నంబరును బట్టి వస్తుంది. ఏ ఆధార్‌కు వచ్చిన డబ్బు ఏ బ్యాంకుకు పంపాలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఎదురుగా ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది, అది కూడా చివరగా చేర్చిన బ్యాంకు పేరు. మీకు మూడు బ్యాంకుల్లో ఖాతాలు ఉండి, మూడింటికీ కేవైసీలో, అంటే ఖాతాదారు గుర్తింపు కోసం, ఆధార్ ఇచ్చి ఉండవచ్చు; కౌంటరులో "లింక్ అయింది" అని చెప్పేది ఆ కేవైసీ గురించి. డబ్బు మాత్రం పట్టికలో ఉన్న ఒక్క బ్యాంకుకే వెళుతుంది.

ఆ విద్యార్థిని విషయంలో జరిగింది ఇదే. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక దుకాణంలో సిమ్ కార్డు కొంటూ, అడిగినప్పుడల్లా వేలిముద్ర వేసింది. అప్పుడు ఆమె పేరు మీద ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచారు, పట్టికలో ఆ బ్యాంకు పేరు చేరిపోయింది. నాలుగు నెలల డబ్బూ ఆ ఖాతాలో భద్రంగా ఉంది, ఆమెకే తెలియలేదు. కాబట్టి డబ్బు పడలేదంటే పోయిందని భయపడవద్దు; ముందుగా ఎక్కడికి వెళ్లిందో చూడండి.

చూసే పద్ధతి సులభం. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో మీ నంబరు, ఓటీపీతో లాగిన్ అయితే బ్యాంకు సీడింగ్ స్టేటస్ (ఆ పట్టికలో మీ ఆధార్‌కు ఏ బ్యాంకు ముడిపడిందో చూపేది) అనే చోట బ్యాంకు పేరు, అది యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది, చివరిగా మారిన తేదీ కనిపిస్తాయి. అక్కడ మీరు కోరుకున్న బ్యాంకే యాక్టివ్‌గా ఉంటే ఇంక ఏమీ చేయనక్కరలేదు. వేరే బ్యాంకు ఉంటే, మీకు కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి ఆధార్ సీడింగ్ కన్సెంట్ ఫారం అడిగి నింపండి. "ఆధార్ లింక్ చేయండి" అని నోటితో అడిగితే మళ్లీ కేవైసీనే చూస్తారు. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్ మార్చాలి" అని అడగాలి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి. ఆ ఫారంలో ఇంతకుముందు ఏ బ్యాంకుకు ఉందో రాసే ఖాళీ ఒకటి ఉంటుంది. చాలామంది సంతకం పెట్టి ఆ గీతను ఖాళీగానే వదిలేస్తారు. వెబ్‌సైట్‌లో కనిపించిన పాత బ్యాంకు పేరును అక్కడ రాయకపోతే మార్పు ఆగిపోయే అవకాశం ఉంది. ఫారం ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకుని, కొద్ది రోజుల తరువాత స్టేటస్ మళ్లీ చూసుకోండి.

మన ప్రాంతం వారికి ఇంకొక మాట. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎన్నో ఇళ్లలో పొదుపు ఖాతా ఆ పాత బ్యాంకులోదే. బీరువాలోని పాత పాస్‌బుక్ చూసి వివరాలు నింపకుండా, శాఖలో కొత్త పాస్‌బుక్ వేయించుకుని అందులో ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌నే పోర్టల్‌లోనూ, సంస్థకూ ఇవ్వండి. చిన్నప్పుడు స్కాలర్‌షిప్ కోసం అమ్మానాన్నలతో కలిపి తెరిచిన ఖాతా అయితే, పద్దెనిమిదేళ్లు నిండాక కొత్తగా కేవైసీ ఇచ్చి మీ పేరు మీదికి మార్పించుకోవాలి. లేకపోతే అది స్తంభించిపోయి డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు.

చేరిన తరువాత సంస్థ ఒక నెల స్టైపెండ్‌ను మరుసటి నెల పదో తేదీలోగా ఇవ్వాలని నిబంధన ఉంది. కేంద్రం వాటా అదే రోజున రాదు. మీ హాజరుతో సంస్థ పోర్టల్‌లో క్లెయిమ్ పెట్టిన తరువాతే అది కదులుతుంది. అందువల్ల ఆలస్యమైతే ముందుగా సంస్థ హెచ్‌ఆర్ విభాగంలో ఏ నెల వరకు క్లెయిమ్ పెట్టారో కనుక్కోండి. క్లెయిమ్ వెళ్లి, బ్యాంకు స్టేటస్ కూడా యాక్టివ్‌గా ఉండి, అయినా రాకపోతే ఒప్పందం నంబరు, సీడింగ్ స్టేటస్ ప్రింటు, పాస్‌బుక్ మొదటి పేజీ మూడూ జతచేసి కాలేజీ ద్వారా చెన్నై బోర్డుకు రాయండి.