ఆర్మీలో చేరి వరద సహాయక పని చేయాలనుకునే తమ్ముళ్లకు

మా దేవరకొండ వైపు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఎన్‌డీఆర్‌ఎఫ్‌కు (జాతీయ విపత్తు సహాయక దళానికి) నేరుగా అప్లై చేయొచ్చా?" కుదరదు. అది ఆర్మీ కాదు, కేంద్ర హోంశాఖ కింద ఉంటుంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి బలగాల్లో ఉన్నవాళ్లు డిప్యుటేషన్ మీద అందులోకి వస్తారు. ఆర్మీలోనే ఈ పని నేర్చుకోవాలంటే ఇంజనీర్ల దళం మంచి చోటు. నేను హవల్దార్‌గా చేసిన మద్రాస్ సాపర్స్ అందులో భాగమే, దానికి శిక్షణ బెంగళూరులో ఉంటుంది. వంతెన వేయడం, పడవ నడపడం యుద్ధం కోసమే నేర్పుతారు. వరదలోనూ పనికొచ్చేది ఆ విద్యే.

దారి అగ్నివీరే, అంటే నాలుగేళ్లకు తీసుకునే సైనికుడి పోస్టు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో 45 శాతం మార్కులు, ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు. ఏ రెజిమెంట్ ఇస్తారో మన చేతిలో ఉండదు. టెన్షన్ పడకండి, ఇన్‌ఫాంట్రీ వాళ్లను కూడా వరద పనికి పంపుతారు.

చేరేలోపు ఈత నేర్చుకోండి. బావిలో అయితే గట్టు మీద ఈత వచ్చిన పెద్దవాళ్లు ఉండాలి. అయితే వరదలో కొట్టుకుపోతుంటే బావి ఈత చాలదు. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టాలి. రాయి తగిలితే కాళ్లకే తగలాలి, తలకు కాదు.

తర్వాత బౌలైన్ ముడి, మనిషిని తాడుతో లాగడానికి వేసే ఉచ్చు. పొడవు తాడులో చిన్న మెలిక వేయండి. కొసను కింది నుంచి మెలికలోకి పైకి తీసి, పొడవు తాడు వెనకగా తిప్పి, మళ్లీ అదే మెలికలోకి దించి బిగించండి. ఎంత బరువు పడినా ఆ ఉచ్చు మనిషి నడుముకు బిగుసుకోదు. తడి చేతులతో, చీకట్లో వేయగలిగేదాకా సాధన చేయండి.

పడవను బాధితుల దగ్గరికి దిగువ నుంచి ఎదురుప్రవాహంగా తీసుకెళ్లాలి. అప్పుడే అది మన అదుపులో ఉంటుంది. నీళ్లలో మనిషి ఉంటే దగ్గరికి చేరాక ఇంజన్ ఆపాలి, నీళ్లలో తిరిగే దాని రెక్క తగిలితే ప్రాణం పోతుంది.

2009 అక్టోబర్ వరదలో మన అలంపురం మునిగింది. అలాంటి ఊళ్లో దిగగానే ముందు లైన్‌మన్‌ను పట్టుకోండి, కరెంటు తీశారో లేదో ఆయన నోటితోనే వినండి. తెరిచిన బావులు ఎక్కడున్నాయో రైతులను అడగండి. మన ప్రాంతంలో బావులు ఎక్కువ. నీళ్లు పరుచుకున్నాక బావి ఏదో చేను ఏదో తెలియదు, కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయొద్దు. ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో, ఎవరు మంచం మీద ఉన్నారో ఆశా వర్కర్‌కు తెలుస్తుంది. ఆ ఇళ్లకు మొదటి పడవ పోవాలి.

తెలిసినవాళ్లను పట్టుకోవడం వరదలోనే కాదు. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు ఆర్మీ ఇంజనీర్ల పక్కన సింగరేణి బొగ్గు గని కార్మికులూ దిగారు. లోపల చిక్కిన ఎనిమిది మందిని ప్రాణాలతో తీసుకురాలేకపోయారు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అయినా భూగర్భంలో పనిచేసినవాళ్లను పిలవడం సరైన పని.

ఒకటి గుర్తుంచుకోండి, వరద పనిలో అందరికీ పెద్ద కలెక్టరే. ఆర్మీ ఆయనకు సాయంగా వస్తుంది, పని కాగానే వెళ్లిపోతుంది. వెళ్లేముందు ఎవరెవరిని తీసుకొచ్చాం, ఏ బడిలో దించాం అన్న జాబితా పేర్లతో సహా తహసీల్దార్‌కు ఇచ్చి సంతకం తీసుకోండి.