ప్రత్యర్థి దేశాలతో సైబర్ నియమాలు: చర్చలు ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు మాటల అర్థం తేల్చుకోండి. అమెరికా ‘సైబర్ భద్రత’ అన్నప్పుడు ప్రధానంగా నెట్‌వర్కుల రక్షణ గురించి మాట్లాడుతుంది. రష్యా, చైనాలు ‘సమాచార భద్రత’ అంటే అందులో ప్రజలు చదివే విషయం కూడా వస్తుంది. నేను నిర్వహించే నమూనా చర్చల్లో విద్యార్థులు ఈ ఒక్క మాట దగ్గరే పూటంతా గడిపేస్తారు. నేను ఆపను, అసలు తగాదా అక్కడే ఉంది. కుదరని మాటను ముసాయిదాలో చదరపు బ్రాకెట్లలో పెట్టి ముందుకు సాగమంటాను.

గూఢచర్యం మానేయమని అడగకండి, ఎవరూ మానరు. సన్నని గీత గీయండి. 2015 సెప్టెంబరులో ఒబామా, షీ జిన్‌పింగ్ చేసింది అదే: వాణిజ్య లాభం కోసం సైబర్ మార్గంలో మేధో సంపత్తిని దొంగిలించబోమని మాత్రమే ఒప్పుకున్నారు.

అదే ఏడాది ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 11 స్వచ్ఛంద నియమాలు రాసింది. సైబర్ దాడి జరిగినప్పుడు నష్టాన్ని అదుపు చేసే కంప్యూటర్ అత్యవసర స్పందన బృందాలకు హాని చేయరాదన్న నియమం నాకు ప్రాణం. మంటలార్పేవారి చేయి విరగ్గొడితే రెండిళ్లూ కాలతాయి. మీరు ఇలాంటిదే ముందు అడగండి. ఆత్మరక్షణ హక్కు, ప్రతిచర్యల (అవతలి దేశం తప్పు చేస్తే బదులుగా తీసుకునే చర్యల) వంటి చిక్కుముళ్లను చివరికి ఉంచండి. 2017లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందంలో ఏకాభిప్రాయం చెడింది వాటి దగ్గరే.

సంతకాలకు ముందే హాట్‌లైన్, అంటే సంక్షోభంలో నేరుగా మాట్లాడుకునే ఫోన్ లైను, అడగండి. 2013లో అమెరికా, రష్యా సైబర్ ఘటనల గురించి ఒకరికొకరు తెలియజేసుకోవడానికి తమ అణు ప్రమాదాల నివారణ కేంద్రాలనే వాడుకోవాలని ఒప్పుకున్నాయి. అర్ధరాత్రి ఆ ఫోను ఎత్తేది ఏ హోదా అధికారో, ఏ భాషలోనో కాగితం మీద రాయించుకోండి.